మా బావ చేత చెప్పించిన సాక్ష్యం

మా బావ పోయాక పరామర్శకు వచ్చినవాళ్ళంతా గంజాయి గురించే మాట్లాడారు. అది అలవాటు చేస్తుందా చెయ్యదా, మందా విషమా, కొట్లో పెట్టి అమ్మనివ్వాలా అమ్మినవాణ్ణి జైల్లో వెయ్యాలా అని మా అరుగు మీద కూర్చుని, నేను కాచి ఇచ్చిన టీ తాగుతూ వాదించుకున్నారు. మా బావ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నేను పెద్దగా చదువుకోలేదు. నలుగురిలో నోరు తెరిచే మనిషినీ కాను. అయినా కడుపు మండి ఇది రాస్తున్నాను.

బావంటే నా మొగుడే. మా మేనత్త ఎలీసమ్మ పెద్దకొడుకు, సత్యానందం. పెళ్ళయ్యాక కూడా నాకు ఆ పిలుపే ఉండిపోయింది. మాది విజయనగరం దగ్గర జూట్ మిల్లు పక్కన పేట. మా మామ ఆ మిల్లులోనే ముసలివాడయ్యాడు, బావ ఆ మిల్లులోనే పెద్దవాడయ్యాడు. పేట మధ్యలో బాప్టిస్టు చర్చి. ఆ చర్చిలో డోలక్ మా బావది.

నేర్పిన గురువంటూ ఎవరూ లేరు. చిన్నప్పుడు గోనెసంచుల కట్టల మీద కొట్టి నేర్చుకున్నాడట. అన్నం వడ్డించేలోపు కంచం అంచు మీద, బస్సులో ముందు సీటు కమ్మీ మీద, నిద్రలో నా భుజం మీద ఆ వేళ్ళు ఆడుతూనే ఉండేవి. మా పాస్టరు ప్రకాశరావు గారిని అందరం అయ్యగారంటాం. ఆయన ప్రసంగం మరీ సాగదీస్తే బావ తల వంచుకుని డోలక్ తాళ్ళు బిగించడం మొదలుపెట్టేవాడు. కిర్రు, కిర్రు. ఆడవాళ్ళ వరసలో మేం కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళం. అయ్యగారు కూడా నవ్వేసి, "సత్యానందం తాళ్ళు బిగించేశాడు, ఇక ఆమేన్ అనకపోతే నన్ను కూడా బిగించేస్తాడు" అనేవారు. ఆ రోజుల్లో అయ్యగారంటే నాకు కోపం లేదు.

మిల్లులో బావది కార్డింగు. గోగునారను ఇనపముళ్ళ రోలర్ల మధ్య దువ్వే మిషన్లు అవి. నార చిక్కుపడితే మిషను ఆపి తియ్యాలి. ఆపితే మేస్త్రీ తిడతాడు. అందుకని అందరూ మిషను నడుస్తుండగానే లాగేస్తారు. బావ నారను లాగాడు, మిషను బావను లాగింది. ఎడమచేతి చిటికెనవేలూ దాని పక్క వేలూ పోయాయి.

గాయం మానింది, నొప్పి మానలేదు. ఆ నొప్పి తెగిన చోట కాదు, లేని వేళ్ళలో. ఆ రెండు వేళ్ళూ ముడుచుకుపోయి గోళ్ళు అరచేతిలోకి దిగబడుతున్నట్టు ఉంటుందనేవాడు. కుడిచేత్తో గాలిని పట్టుకుని, వేళ్ళు విప్పుతున్నట్టు లాగేవాడు. చూసేవాళ్ళకు నవ్వొస్తుంది. మా అత్త నవ్వింది కూడా.

"నేని ఏలు నొప్పేటిరా, ఎర్రిబాగులోడా?"

"నేకపోతే నన్నేటి సెయ్యమంటావే అమ్మా? నొప్పెడతన్నాది."

మిల్లు తరఫు ఆసుపత్రిలో కాంపౌండరు కూడా అదే అడిగాడట, నవ్వకుండా. జ్వరం బిళ్ళలిచ్చి పంపేశాడు. బావను నమ్మినవాడు ఎల్లాజీ ఒక్కడే, పక్క మిషను మనిషి. "రెండు దమ్ములు లాగు గురూ. ఏళ్ళు ఎక్కడ పెట్టేవో నీకే గురుతుండదు" అన్నాడట.

లాగాడు. నిద్రపోయాడు. నేను అబద్ధం రాయను. చెయ్యి తెగాక మా బావ ఒళ్ళు తెలియకుండా నిద్రపోవడం అదే మొదలు. తెల్లారి లేచి చద్దన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. గంజాయిలో మందు గుణమే లేదనే పెద్దమనుషులు ఆ పొద్దున మా ఇంట్లో లేరు. నేనున్నాను.

అది మందేననేవాళ్ళు ఆ తరువాతి రోజుల్లో మా ఇంట్లో లేరు. అప్పుడూ నేనే ఉన్నాను. మొదట నొప్పి వస్తే తాగేవాడు. తరువాత నొప్పి వస్తుందేమోనని తాగాడు. ఆ తరువాత అన్నానికి ముందు, షిఫ్టుకు ముందు, చర్చికి ముందు. ఒక రోజు దొరక్కపోతే చెమటలు, వణుకు. కూర బాగుందా అని అడిగినా కసురుకుంటాడు, కంచం వెళ్ళి గోడకు తగులుతుంది. ఒక ఆదివారం పాట మధ్యలో డోలక్ వెనకబడింది. చరణం ఎత్తుకోవడానికి ఆడవాళ్ళ వరస మొత్తం బావ దెబ్బ కోసం నోరు తెరుచుకుని ఆగింది. దెబ్బ ఎంతకీ పడలేదు. పేటంతటికీ తాళం చెప్పిన మనిషి! ఆ రోజు నేను ఏడవలేదు, పళ్ళు కొరుక్కున్నాను.

పక్కన కూర్చుని కూర్చుని నా మరిది బెన్హర్ కూడా అందుకున్నాడు. వాడికి పది వేళ్ళూ ఉన్నాయి, ఏ నొప్పీ లేదు. టైల్స్ పని శుభ్రంగా చేసేవాడు. ఒక్క టైలు అతికించి, అది తిన్నగా ఉందా లేదా అని దాని ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండిపోతున్నాడని పనికి పిలవడం మానేశారు.

విశాఖలో మత్తు మాన్పించే ఆసుపత్రి ఉందని మా వీధి ఆశా వర్కరు చెబితే బావను బతిమాలి తీసుకెళ్ళాను. అక్కడ డాక్టరు సుహాసిని గారు. విసుగు మొహం మనిషి. ఆవిడ మొదట అడిగింది గంజాయి గురించి కాదు.

"ఆ లేని వేళ్ళు ఎటువైపు ముడుచుకున్నట్టు ఉంటాయి?"

బావ మొహం చేతుల్లో పెట్టుకుని భోరుమన్నాడు.

ఆవిడ చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత రాస్తాను. వేళ్ళు పోయినా తలలో వాటి చోటు పోదట. ఆ నొప్పి నిజమైనదేనట. దానికి వేరే బిళ్ళలున్నాయి, అద్దం ముందు చెయ్యి పెట్టించి చేయించే కసరత్తు ఉందట. "ఈ ఆకు కొన్ని నొప్పులకు కొంత పనిచేస్తుందని అంటున్నారు, ఇంకా చూస్తున్నారు. నేను కాదనను" అంది. "కానీ మీరు కొనే పొట్లంలో ఏముందో నాకూ తెలీదు, అమ్మినవాడికీ తెలీదు. ఉన్నట్టుండి మానేస్తే నిద్ర పట్టదు, చిరాకు పుడుతుంది, నొప్పి మీద పడుతుంది. అందుకని ఒంటరిగా మానకండి, ఇక్కడుండి మానండి. వైద్యానికి వచ్చినవాళ్ళను మేం పోలీసులకు పట్టివ్వం." సోమవారం వస్తే మంచం ఇస్తానంది. తిరుగు బస్సులో బావ ముందు సీటు కమ్మీ మీద కొట్టుకుంటూనే వచ్చాడు. ఎన్నాళ్ళకో!

ఆ సోమవారానికి ముందు ఆదివారమే మా చర్చిలో ఉజ్జీవ కూడికలు. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు "పాపాన్ని విడిచిపెట్టేవాళ్ళెవరు? లేచి నిలబడేవాళ్ళెవరు?" అని అడుగుతుంటే బావ లేచాడు. అందులో నటన లేదు. "నేను గంజాయి తాగుతన్నాను. ఇయ్యాల్టితో మానేత్తన్నాను" అని ఏడ్చాడు. చప్పట్లు, హల్లెలూయాలు. అయ్యగారు మైకు అందుకుని, "మన సహోదరుణ్ణి ప్రభువు ఈ క్షణమే విడిపించాడు" అన్నారు.

కూడిక ముగిశాక బావ చెప్పులు వేసుకుంటూ, "అయ్యగారండీ, రేపు ఆసుపత్రికెల్తన్నానండి. డోలక్‌కి కొన్నాళ్ళు ఇంకెవుల్నైనా సూసుకోండి" అన్నాడు.

అయ్యగారు బావ భుజం మీద చెయ్యి వేశారు. "విడుదల పొందినవాడు ఆసుపత్రికి వెళితే లోకం ఏమంటుంది సత్యానందం? ఇంతమంది ముందు చెప్పిన సాక్ష్యం అబద్ధమైపోదూ?"

సోమవారం ఆ మంచం ఖాళీగా ఉండిపోయింది.

ఇలాంటి తప్పు మావాళ్ళే చెయ్యగలరు. సాక్ష్యమంటే మాకు ప్రాణం. జరిగినదాన్ని చెబితే అది సాక్ష్యం. ఇక్కడ ఇంకా జరగనిదాన్ని చెప్పించి, జరిగిపోయినట్టు చప్పట్లు కొట్టేశారు. అక్కడితో ఆగారా? బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి, ఎక్కడ సభ పెడితే అక్కడికి బావను తీసుకుపోయారు. "గంజాయి నుండి విడుదల పొందిన సహోదరుడు సత్యానందం గారి సాక్ష్యం" అని ఫ్లెక్సీ కొట్టించారు. అందులో బావకు ఎవరిదో కోటు తొడిగారు. మా బావకు కోటు లేదు. స్టేజీ మీద చెయ్యెత్తి తెగిన వేళ్ళు చూపించమనేవారు. సాక్ష్యం చెప్పేవాడు స్టేజీ మీద కుర్చీలో కూర్చోవాలి కదా, డోలక్ ఇంకెవరో వాయించేవారు.

నొప్పి ఎక్కడికీ పోలేదు. కొన్నాళ్ళు పళ్ళ బిగువున ఉన్నాడు, ఆపైన నిలబడలేకపోయాడు. మునుపు మా పెరట్లో తాగేవాడు, నా కళ్ళముందుండేవాడు. ఇప్పుడు ఊరూరా మొహం తెలిసిపోయింది. మిల్లు వెనక జీడితోటలు దాటి రైలుపట్టాల దాకా పోవడం మొదలుపెట్టాడు.

"బావా, ఆ డాక్టరమ్మ దగ్గరికి పోదాం పద" అన్నాను.

"ఏ మొగం పెట్టుకుని ఎల్తాను బేబీ? అక్కడ నన్ను సూసినోడెవడైనా అయ్యగారికి సెప్పీస్తే? పార్వతీపురంలో సభున్నాది."

ఒక మధ్యాహ్నం గూడ్సుబండి వెనక నుంచి వచ్చింది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడట. మా చర్చిలో అందరికంటే మంచి చెవి మా బావది. ఆయనకు వినబడలేదు.

మొదట్లో చెప్పిన వాదన ఆ తరువాతే. రమేష్‌బాబు బావతో కలిసి చదువుకున్నవాడు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో పెద్ద చదువు చదివి ఇప్పుడు శ్రీకాకుళంలో ఏదో కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. బావ అంటే ప్రేమే, కాదనను. కానీ వచ్చి కూర్చున్నప్పటి నుంచీ ఆకు తరఫున ప్లీడరులా మాట్లాడాడు.

"గంజాయి తాగి సచ్చినోడు ఎవడున్నాడు సెల్లెమ్మా? మా సత్యంగాణ్ణి సంపింది రైలు. ఆణ్ణి పట్టాల మీదికి తోలింది సట్టం. తాగినోళ్ళలో ఎక్కువమందికి అలవాటే అవదు. బయటి దేశాల్లో కొట్లో అమ్ముతన్నారు, డాక్టర్లే రాసిస్తన్నారు. ఇక్కడ సూడు, బ్రాందీ షాపుకి లైసెన్సు, ఆకుకి జైలు! శ్రీకూర్మం తోవన ఎల్లే బైరాగులు తాతలనాటి నుంచి పీల్చట్లేదేటి?"

"అది సాతాను ఆకు రమేష్‌బాబు గారూ" అన్నారు అయ్యగారు. "అయితే మన సత్యానందం దాన్ని జయించినవాడు. జరిగింది ప్రమాదం. పట్టాలు దాటుతుండగా ప్రమాదం, అంతే."

ఉప్పూ నిప్పూలా వాదించుకున్నారు. కానీ ఒక్క మాట దగ్గర ఇద్దరూ ఒకటయ్యారు, మా బావను తీసుకుపోయింది గంజాయి కాదని. ఒకాయనకు ఆకు మీద మచ్చ పడకూడదు, ఒకాయనకు సాక్ష్యం మీద మచ్చ పడకూడదు. పోయిన మనిషి ఇద్దరికీ అడ్డమే.

టీ గ్లాసులు తీస్తున్నదాన్ని ఆగిపోయాను. "రమేష్‌బాబన్నా, ఎక్కువమందికి అలవాటవదన్నావు. నిజమే గావాల. నా ఇల్లు ఆ తక్కువమందిలో ఉన్నాది. నీ ఎక్కువమందిని నేనేటి సేసుకోను?"

"అది కాదు సెల్లెమ్మా, సట్టమే మారితే ఆడు ఇంటికాడే తాగేవోడు గదా."

"పెరట్లో తాగినన్నాళ్ళు ఈ ఊర్లో పోలీసులు నేరేటి? సట్టానికి బయపడి పట్టాల మీదికి ఎల్లలేదన్నా. మన సప్పట్లకి బయపడి ఎల్లినాడు."

అయ్యగారు గ్లాసు అడుగుకేసి చూశారు. మా అత్త, "ఒలే బేబీ, లోపలికెల్లు" అంది. వెళ్ళాను.

బ్రాందీ షాపు మాట మాత్రం రమేష్‌బాబు నిజమే చెప్పాడు. మా చర్చి సందు మొదట్లోనే ఉంది అది. చట్టం ఎలా ఉండాలో నాకు తెలియదు. కొండల మీంచి దిగిన మూటలు పట్టుకున్నామని టీవీలో చూపిస్తారు, మోసిన కూలివాళ్ళను మొహాలకు గుడ్డలు కట్టి నిలబెడతారు. మా పేటలో పొట్లం దొరకని రోజు మాత్రం నేను చూడలేదు. కొట్టు తెరవండి, మూయండి, అది మీ పెద్దల గొడవ. నొప్పి ఉన్నవాణ్ణి నమ్మే ఆసుపత్రి మాకు దగ్గర్లో ఎందుకు లేదో ముందు అది చెప్పండి.

మాలో మనిషి పోయాక కొన్నాళ్ళకు ఆదరణ కూడిక పెడతారు. పాటలు, ప్రార్థన, పోయినవాళ్ళ జీవిత చరిత్ర చదవడం, ఆ తరువాత భోజనాలు. శనివారం అనుకున్నారు. బావ చరిత్ర అయ్యగారే రాస్తున్నారని తెలిసింది. నన్ను ఒక్క మాట అడగలేదు.

శుక్రవారం బెన్హర్ నవ్వుతూ వచ్చాడు. అప్పటికే నేను సుహాసిని గారికి ఫోన్ చేసి, బతిమాలి, వీడికి సోమవారానికి మంచం ఒప్పించాను.

"వదినా, రేపు నేను సాక్ష్యం సెప్పేత్తన్నాను. అన్న ఇడిసినదాన్ని తమ్ముడు అందుకోవాలని అయ్యగారన్నారు. ఇంక ఆసుపత్రీ గీసుపత్రీ ఏటీ అక్కర్నేదు."

వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బట్టల నుంచి ఆ పచ్చి ఆకు కాలిన వాసన. నాకు ఒక ఖాళీ మంచం కనబడింది. రెండోది చూడకూడదనుకున్నాను.

శనివారం ఇంటి ముందు షామియానా వేశారు. వెనక ఆ ఫ్లెక్సీయే, కోటుతో. సంఘపెద్ద ఒకాయన జీవిత చరిత్ర చదివాడు. "గంజాయి నుండి సంపూర్ణ విడుదల పొంది, అనేకులకు ఆశీర్వాదకరముగా నుండి, పట్టాలు దాటుచుండగా ప్రమాదవశాత్తు ప్రభునందు నిద్రించిరి" అని ముగించాడు. డోలక్ అన్న మాట అందులో లేదు. ఒక్క ముక్క లేదు.

అయ్యగారు బెన్హర్‌ను పిలిచారు. వాడు లేచాడు. వాడితోపాటు నేనూ లేచాను.

"కూసో బెన్హర్" అన్నాను.

"అమ్మా, నీ దుఃఖం మాకు తెలుసు" అన్నారు అయ్యగారు. "సంఘమా, ఒక పాట పాడుకుందాం." ఎవరో పాట ఎత్తుకున్నారు. డోలక్ లేదు. ఆ పాటలో గొంతులు తలో దారి పట్టాయి.

అప్పుడు లేచింది మా అత్త ఎలీసమ్మ. నన్ను లోపలికి వెళ్ళమన్న మనిషి. "ఆపండ్రా పాట!" అని కేకేసింది. "అయ్యగారూ, మీరు మా పెద్దోడి సేత సెప్పించీసినారు, అయిపోనాది. సిన్నోడి సేత వద్దు. ఇప్పుడు మా కోడల్ని సెప్పనివ్వండి."

చెప్పాను. "మా బావకి విడుదల రానేదు. లేని ఏళ్ళ నొప్పి ఆకరి రోజు దాకా ఉన్నాది. పట్టాలు దాటడానికి ఎల్లలేదు, గంజాయి తాగడానికి ఎల్లినాడు. ఆసుపత్రికి పోతానంటే సాక్ష్యం అబద్దమైపోద్దని మీరే ఆపీసినారు. ఇదే మా బావ సాక్ష్యం, నేను సెప్తన్నాను. ఇప్పుడు దీన్ని ఏ ఊర్లో సెప్పిస్తారో సెప్పించండి."

బెన్హర్ వైపు తిరిగాను.

"బెన్హర్, మీ అన్న పేరు సదివిన సోటిది, అబద్దం ఆడకు. సెప్పు. ఈ పొద్దున తాగినావా నేదా?"

వాడు వాళ్ళమ్మ వైపు చూశాడు, ఫ్లెక్సీ వైపు చూశాడు.

"తాగినాను వదినా."

"మానగలవా?"

"మాన్లేకపోతన్నాను" అన్నాడు. అని చిన్నపిల్లాడిలా అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు. అయ్యగారి చేతిలో మైకు కీచుమంది. ఆయన దాన్ని ఆపేసి, తల దించుకున్నారు. ఆయన బాధ నిజమే కావచ్చు. నాకు జాలి రాలేదు.

భోజనాలకు సగంమంది ఉండలేదు. వండిన మాంసం మిగిలిపోయింది. "సంఘం పరువు తీసీసింది" అన్నారు. ఇప్పటికీ అంటున్నారు. అననీ.

సోమవారం విజయనగరం బస్సు కాంప్లెక్సులో విశాఖ బస్సెక్కాం. బెన్హర్ దారంతా వాదించాడు. "ఆకే కదా వదినా, కల్లు కన్నా నయమే. నాకు అలవాటు కానేదు, నేనెప్పుడు కావాలంటే అప్పుడు మానీగలను."

"మంచిది, ఇప్పుడు మానీ."

"ఇప్పుడంటే ఎలాగే?"

"అందుకే బస్సెక్కినాం. కిటికీకాడ కూసో, గాలొస్తాది."

వాడక్కడ పడుతున్న పాట్లు రాయను, అవి వాడివి. నన్ను తిట్టాడు. ఒకసారి పారిపోయి బస్‌స్టాండు దాకా వెళ్ళాడు. తనే తిరిగొచ్చాడు.

మొన్న రమేష్‌బాబు ఫోన్ చేశాడు. చట్టం మారాలని పేపరుకి వ్యాసం రాస్తున్నాడట, అందులో మా బావ సంగతి వేస్తాడట.

"రాయన్నా" అన్నాను. "ముందు డోలక్ గురించి రాయి. అయ్యగారి ప్రసంగం ఎక్కువైతే తాళ్ళు బిగించేవోడని రాయి. అది రాసినాక మిగతాది నీ ఇష్టం."

"అది వ్యాసంలో ఇమడదు సెల్లెమ్మా."

ఫోన్ పెట్టేశాను. ఇమడదని నాకు తెలుసు. అందుకే నేను రాశాను.

ఆ ఫ్లెక్సీని విప్పి పెరట్లో కట్టెల మీద కప్పాను, బొమ్మ కింది వైపుకు పెట్టి. వాన నీళ్ళు బాగానే ఆపుతోంది. బెన్హర్ ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. వాడికి నయమైపోయిందని నేను రాయను. నయమైపోయిందని ఎవరైనా మైకు పట్టుకుని చెప్పబోతే, ఈసారి ఆ మైకు లాక్కుంటాను.